నలభై రెండో పుట

ఏడో నెల, 3

మొన్నటి ఉదయం మామూలు ఉదయం. ముందు దాని సంగతి రాస్తాను.

చీకటి విడుతుండగా తూర్పు బల్ల మీదికి వెళ్ళాను. ఇంటికి ఆనించి నీళ్ళ మీద వేసిన చెక్కల అరుగు అది. తొమ్మిది అడుగుల వెడల్పు, ఇల్లంత పొడవు. మా నాన్న వేసిపోయినది. గోనె మడిచి వేసుకుని మోకరించాను. పోటు ఎక్కుతోంది. కింద డ్రమ్ములు ఒకదానికొకటి ఒరుసుకుని ఇల్లు నెమ్మదిగా లేచింది. ఇంట్లో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకున్నాను. తమ్ముడు యేసోబు, వాడి భార్య కరుణ, చెల్లెలు సువార్త. పుట్టబోయే బిడ్డకు ఇంకా పేరు లేదు కాబట్టి "ఆ ఐదో మనిషి" అన్నాను.

తర్వాత నిచ్చెనెక్కి పైకప్పు మీది ఆవిరి పలకలు తుడిచాను. అద్దం కింద సముద్రపు నీరు ఎండకు ఆవిరై, అద్దానికి పట్టి, మంచినీటి చుక్కలై గొట్టంలోకి జారుతుంది. పాత చీర ముక్కతోనే తుడవాలి. కొత్త గుడ్డ గీతలు పెడుతుంది. అంచుల్లో పేరుకున్న ఉప్పు గరిటెతో గీకి డబ్బాలో వేశాను. క్యాన్ మీద గీత చూశాను. ఇరవై రెండు లీటర్లు. ముందు రోజు మంచి ఎండ.

కడుపుతో ఉన్న కరుణ గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఏడో నెల. పాదాలు కొంచెం వాచాయి. యేసోబు నడుముకు తాడు కట్టుకుని ఇంటి కిందికి మునిగాడు, డ్రమ్ములకు పట్టిన గుల్లలు గీకడానికి. సువార్త చద్దన్నం ఉల్లిపాయ నంజుకుని తిని మడమొక్కల తోటకు పనికి వెళ్ళింది. కెరటాలను ఆపే మా గట్టు సిమెంటుది కాదు, మడ చెట్లది. మొక్కగా ఉన్నంతకాలం వాటికి మంచినీళ్ళు పొయ్యాలి. ఊరు ఇంటిపన్నుగా నీళ్ళు తీసుకునేది అందుకే.

ఏడింటికి వంటింటి గోడలోని గొంతు పలికింది. "తెరచాప గృహ సంస్థ. ఐదు లీటర్లు స్వీకరించాము. శుభదినం." గొట్టం గుడగుడమని మా నీళ్ళు తీసుకుంది.

యేసోబు కిటికీ కింద నీళ్ళలోంచి తల పైకి పెట్టి, "నీకూ శుభదినమే బాబూ, దాహం తీరిందా?" అన్నాడు. రోజూ అంటాడు. కరుణ రోజూ నవ్వుతుంది.

ఇలాంటి ఉదయాలు మాకు చాలా దొరికాయి. ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఈ రోజు ఊరి గుమాస్తా వచ్చి మా లంగరు స్తంభానికి రెండో ఎర్రగుడ్డ కట్టి వెళ్ళాడు.

మూడో గుడ్డ పడితే ఇంటిని గట్టు బయటికి లాగుతారు. ఇంటిపన్ను నెలకు నలభై లీటర్లు. పౌర్ణమి లోపు ఊరి తొట్టిలో పడాలి. ఐదో నెలలో మూడు రోజులు ఆలస్యం. ఆరో నెలలో ఐదు రోజులు. మేము మాత్రం ఒక్క రోజూ తప్పలేదు. రోజూ ఇచ్చే ఐదు లీటర్లలో ఇంటి అప్పు వాటా, పన్ను వాటా రెండూ ఉన్నాయి. పన్ను వాటాను, ఇంటికి అప్పిచ్చిన తెరచాప వాళ్ళు తమ దగ్గర పోగుచేసి, పడవలో ఊరి తొట్టికి చేరుస్తారు. ఆలస్యమైంది వాళ్ళ పడవ.

గుమాస్తాకు అదే చెప్పాను. అతను గుడ్డ ముడి బిగిస్తూ, "మీరు ఎవరికిచ్చారో నాకెందుకమ్మా. తొట్టిలో ఎప్పుడు పడిందో అదే నేను రాసుకునేది," అన్నాడు. కోపంగా అనలేదు. అతని పని అది.

గట్టు బయట వంతెనలు ఉండవు. మంత్రసాని బయటికి రాదు. కరుణకు తొమ్మిదో నెల వచ్చేసరికి గాలుల రోజులు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు కాన్పు ఇది. ఈ నెల పౌర్ణమి పదిహేనో తేదీ.

పలకలు బాగున్నాయి. అందరం ఆరోగ్యంగా ఉన్నాం. స్తోత్రం.

ఏడో నెల, 5. నీళ్ళు 19.

తెరచాప ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి మేనేజరు ఫణీంద్ర గారు నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి తన సీసాలోంచి అర గ్లాసు నీళ్ళిచ్చారు. ఎవరి వాటా వాళ్ళకే చాలని ఊళ్ళో అది చిన్న సంగతి కాదు.

పడవ ఇంజను పాతబడిందని, కొత్తది వస్తుందని, ఎప్పుడో తెలియదని చెప్పారు. ఈ పౌర్ణమికి చేరుతుందా అని అడిగాను. మాట ఇవ్వలేనన్నారు. అబద్ధం చెప్పనందుకు సంతోషించాను.

అయితే మా పన్ను మేమే బిందెలతో మోసుకెళ్ళి తొట్టిలో పోసుకుంటామన్నాను.

"పోసుకోవచ్చండి. మేము వద్దనం. నేరుగా కడితే రుసుము ఉంటుంది."

"ఎంత?"

"నెలకు ఇరవై లీటర్లు."

ఎందుకని అడిగాను. మీరు కట్టడం మానేస్తే ఊరు ఇల్లు పట్టుకుపోతుంది, దాంతో మా అప్పూ మునుగుతుంది, ఆ భయానికి వెల అది అన్నారు. భయానికి వెల ఉండొచ్చు. దాన్ని నేను తప్పుపట్టను. కాని నలభై లీటర్ల పన్ను మోసుకోవడానికి నెల నెలా ఇరవై లీటర్లంటే ఆ భయం మరీ పెద్దది.

ముందుజాగ్రత్తకని మా పన్ను నీళ్ళు రెండు నెలలవి, ఎనభై లీటర్లు, వాళ్ళ దగ్గర నిలవ ఉన్నాయి. వాటి సంగతి అడిగాను. అప్పు తీరేదాకా ఉంటాయన్నారు.

దండం పెట్టి వచ్చేశాను.

ఏడో నెల, 6. నీళ్ళు 13.

మబ్బు పట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం. మబ్బు నెలలో పలకలిచ్చేవి రోజుకు పదమూడు, పద్నాలుగు. తెరచాపకు ఐదు పోగా మిగిలేది తాగడానికీ వండుకోవడానికే సరి. అందులోంచి నెలకు ఇంకా ఇరవై తీయాలి.

సువార్తకు కోపం వచ్చింది. వాళ్ళ పడవ మునగాలంది. అందులో ఉన్నవి మన నీళ్ళే కదా అన్నాను. అయితే ఒడ్డుకు చేరాక మునగాలంది.

యేసోబు తాను స్నానం మానేస్తానన్నాడు. "ఎలాగూ పొద్దస్తమానం సముద్రంలోనే కదా అక్కయ్యా ఉండేది. ఉప్పు చేప చెడిపోదు."

"పక్కన పడుకునేది నేను," అంది కరుణ.

అందరం నవ్వాం. నవ్వుతూనే చూశాను, కరుణ గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. పొద్దుటి నుంచీ తక్కువ తాగుతోందని అప్పుడు అర్థమైంది. గ్లాసు తీసి చేతికిచ్చి, అది ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.

ఏడో నెల, 7. నీళ్ళు 14.

ఈ రోజు ప్రార్థనలో ఏమీ అడగలేదు. ఊరికే మోకరించి ఉన్నాను.

పలకలు తుడుస్తుంటే అలవాటుగా మా పుట నోట్లోకి వచ్చింది.

మా కొత్తమొగ ఊరి చట్టం మొత్తం అరవై మూడు పుటలు. పెద్ద ఉప్పెనలో కంప్యూటర్లన్నీ ఉప్పు తిని మూగవైపోయాక, మళ్ళీ ఏ ఒక్క చోటా చట్టం మొత్తం పెట్టకూడదని పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. అరవై మూడు ఇళ్ళకు తలో పుట ఇచ్చారు. ఆ ఇంటి పెద్ద దాన్ని కంఠస్థం చేసి కాపాడాలి. ఏడాదికొకసారి, కొత్త సంవత్సరం రోజున, గట్టు లోపల అందరూ కూడి వరసగా చదువుతారు. మా ఇంటిది నలభై ఒకటో పుట. వంతెన పలకలు ఎవరు బాగుచేయాలి అన్నది. పదకొండేళ్ళుగా నేనే చదువుతున్నాను.

నేను చదివి కూర్చోగానే పిలిచేవాడు ఏమంటాడో అప్పుడు గుర్తుకొచ్చింది. "నలభై రెండు బయట ఉంది. నలభై మూడు ఎవరు?"

ఆరేళ్ళుగా అదే మాట. చిన్నపిల్లలు ఆ మాటను పిలిచేవాడి గొంతుతో అనుకరించి నవ్వుతారు కూడా.

చీర ముక్క చేతిలోనే ఉంది. నిచ్చెన మీదే నిలబడి చాలాసేపు ఆలోచించాను.

సువార్తను అడిగితే, ఆ పుట కొట్టేశారు కదక్కా అంది. ఎవరు కొట్టేశారంటే చెప్పలేకపోయింది. పక్కింటి బీబమ్మ గారిది నలభయ్యో పుట. ఆవిడను అడిగాను. ఆవిడకూ అదే అభిప్రాయం, బయట ఉందంటే పోయినట్టేగా అని. అందులో ఏముండేదో గుర్తుందా అన్నాను.

"అప్పులిచ్చేవాళ్ళ గురించి ఏదో. నాంచారయ్య చదివేవాడు. ముక్కుతో చదివేవాడు. చట్టమో జలుబో తెలిసేది కాదు," అన్నారు.

నాంచారయ్య బాబాయ్ ఇల్లు గట్టు బయట ఉంది. ఆరేళ్ళుగా. బయట ఉన్నది పుట కాదు, ఆ మనిషి.

ఏడో నెల, 9. నీళ్ళు 12.

నిన్న గాలి ఎక్కువగా ఉంది. ఈ ఉదయం తగ్గింది. యేసోబు, నేను పడవ మీద గట్టు దాటాం.

బయట అలలు వేరు. లోపల ఇల్లు ఊపిరి తీసినట్టు కదులుతుంది, బయట ఇల్లు దగ్గినట్టు కదులుతుంది. నాంచారయ్య బాబాయ్‌ది చిన్న ఇల్లు, ఒక గది, ఎనిమిది డ్రమ్ములు. గుమ్మం ముందు వల బాగుచేసుకుంటున్నాడు. డెబ్భై దాటాయి. పిన్ని పోయి మూడేళ్ళు. ఆ కబురు నాకు నెల తర్వాత తెలిసింది. అప్పుడూ నేను వెళ్ళలేదు.

నన్ను చూసి వల పక్కన పెట్టాడు. ఉప్పు రాసిన చేప ముక్క, అర గ్లాసు నీళ్ళు పెట్టాడు. వద్దనలేదు. వద్దంటే బాధపడతాడు.

నలభై రెండో పుట ఉందా బాబాయ్ అని అడిగాను.

లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చాడు. వల కుట్టే సూదులు, వాటి కింద నూనె గుడ్డలో చుట్టిన కాగితం. అంచు కూడా నలగలేదు.

"ఆరేళ్ళమ్మా. కొత్త సంవత్సరం నాడు గట్టు అవతల మీ అందరి గొంతులూ వినపడతాయి, గాలి ఇటు ఉంటే. నీ పుట అయిపోంగానే నేను లేచి నిలబడతాను. వాడు బయట ఉందంటాడు. కూర్చుంటాను."

యేసోబు తెడ్డు వైపు చూస్తున్నాడు.

నిన్ను బయటికి ఎందుకు లాగారు బాబాయ్ అని అడిగాను. "నాకూ తెరచాపే. మూడు గుడ్డలు. బాకీ ఒక్క చుక్క లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తిరిగి రావాలంటే లోపల చోటు ఖాళీ లేదంటారు."

"మరి నీ పుటలోనే ఉందేమో కదా దారి. ఎందుకు చదవలేదు?"

నా వైపు వింతగా చూశాడు. "నీకు తెలీనిదా మార్తమ్మా. ఎవరి పుట వాళ్ళు తమ పనికి చదువుకోకూడదు. ఇంకోళ్ళు అడగాలి. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను."

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఎవరి స్వార్థానికి వాళ్ళు చట్టాన్ని వంచకుండా పెట్టిన నియమం అది. మంచి నియమమే. కాని చదివే వరసలో ఆయన పక్కన కూర్చునేది నేను. నేను చదవడం అయిపోయి, హమ్మయ్య తప్పు లేకుండా చదివానని మనసులో స్తోత్రం చెప్పుకుని కూర్చునేదాన్ని. ఆరుసార్లు.

"ఇప్పుడు నేను అడుగుతున్నాను బాబాయ్. ఆలస్యంగా అడుగుతున్నాను. క్షమించు."

"అడిగావుగా," అన్నాడు.

ఇప్పటికిప్పుడు చదివితే చెల్లదు. ఏటా జరిగే చదువు తప్ప విడిగా పుట చదివితే ఐదు ఇళ్ళ పెద్దలు ఒకే చోట వినాలి. బయటి మనిషి లోపలికి రాకూడదు. కాబట్టి పెద్దలే బయటికి రావాలి.

ఏడో నెల, 11. నీళ్ళు 12.

నిన్నంతా గడప గడపకూ తిరిగాను. కొందరు గాలి అన్నారు. ఒకాయన, తెరచాప వాళ్ళకు కోపం వస్తే కష్టం కదమ్మా అన్నారు. నిజమే, ఆయనకూ అప్పుంది. చివరికి నలుగురు ఒప్పుకున్నారు. నాతో ఐదుగురం. అందరం ఆడవాళ్ళమే, అందరం యాభై దాటినవాళ్ళమే.

బీబమ్మ గారు పడవెక్కుతూ, "ముక్కుతో చదివేవాడి కోసం ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నాం. ఒక్క ముక్కైనా అర్థం కావాలి ఇవాళ," అన్నారు.

అల ఒకటి పడవలోకి వచ్చి అందరినీ తడిపింది. యేసోబు తెడ్డు వదలలేదు. నాంచారయ్య బాబాయ్ ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన గది ఆరుగురికి చాలదు. మేము పడవలోనే కూర్చుని, పడవను ఆయన గుమ్మానికి కట్టి విన్నాం.

కాగితం చేతిలో పట్టుకున్నాడు, చూడలేదు. ఆయన చదివింది ఇది.

"ఇంటి మీద అప్పున్నవారు ఇంటిపన్నును తమ చేత్తో ఊరి తొట్టిలో పోస్తామంటే అప్పిచ్చినవారు కాదనకూడదు. అందుకు రుసుము అడగవచ్చు. అది ఒక్కసారే అడగాలి. మిగిలిన అప్పులో నాలుగు వందల లీటర్లకు ఒక లీటరు మించి అడగకూడదు. పన్ను కోసమని పట్టి ఉంచిన నిలవను మూడు రోజుల్లో ఇంటివారికి తిరిగి ఇవ్వాలి. ఇంటివారు రెండు నెలలు వరసగా పన్ను తప్పితే, అప్పిచ్చినవారు మళ్ళీ తామే వసూలు చేసుకోవచ్చు."

అంతే. నాలుగు వేళ్ళ వెడల్పు కాగితం ముక్క.

మాకు మిగిలిన అప్పు పన్నెండు వేల లీటర్లు. అంటే రుసుము ముప్ఫై లీటర్లు, జీవితంలో ఒక్కసారి. వాళ్ళ దగ్గర ఉన్న మా నిలవ ఎనభై. బీబమ్మ గారు వేళ్ళ మీద లెక్క వేసుకుని నాకంటే ముందే నా వైపు చూశారు.

చట్టం అప్పిచ్చినవారి భయాన్ని కూడా మర్చిపోలేదు. చివరి వాక్యం వాళ్ళ కోసం రాసినదే. రాసినవాళ్ళెవరో న్యాయంగా ఆలోచించారు.

"ఈసారి ముక్కుతో చదవలేదేం?" అన్నారు బీబమ్మ గారు.

"అప్పుడు నిజంగానే జలుబు బీబమ్మా. లోపల గాలి ఆడదు," అన్నాడు బాబాయ్.

ఆయన చదివింది వేరే కాగితం మీద రాసి, కింద ఐదుగురం కాటుకతో వేలిముద్రలు వేశాం. వస్తుంటే ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఏడో నెల, 12. నీళ్ళు 15.

వేలిముద్రల కాగితం తీసుకుని ఫణీంద్ర గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు. తర్వాత బీరువా తీసి సంస్థవారి చట్టం పుస్తకం బయటకు తీశారు. పుటలు తిప్పి నా వైపు పెట్టారు. నలభై ఒకటి. ఆ వెంటనే నలభై మూడు.

"నాకిచ్చింది ఇదేనమ్మా. ఐదేళ్ళ కిందట ఈ పుస్తకం తయారుచేసినప్పుడు కొత్త సంవత్సరం చదువులో కూర్చుని రాసుకున్నారట. విన్నది రాసుకున్నారు."

నేను ఆయన్ను తప్పుపట్టలేకపోయాను. మేము చదవనిది వాళ్ళు వినలేదు.

తన చేతిలో లేదని, పైవాళ్ళకు పంపుతానని అన్నారు. మూడు రోజులే ఉన్నాయన్నాను. తెలుసన్నారు. ఈసారి కూడా మాట ఇవ్వలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉన్నారా అని అడిగారు. ఎలా తెలిసిందంటే, ఇందాకటి నుంచి మూడుసార్లు ఇంట్లో ఐదుగురమని చెప్పారు, మీ అప్పు కాగితంలో నలుగురే ఉన్నారు అన్నారు.

ఏడో నెల, 13. నీళ్ళు 11.

కబురు లేదు.

జవాబు రాకపోయినా పన్ను తొట్టిలో పడాలి కదా అని యేసోబు ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ కొలిచాడు. ఇరవై ఆరు లీటర్లు. నలభైకి పద్నాలుగు తక్కువ. అవి పోసేస్తే రేపు తాగడానికి ఉండవు.

సువార్త తోట నుంచి చేతిలో నిండు సీసాతో వచ్చింది. పనివాళ్ళకు రోజూ ఇచ్చే లీటరు నీళ్ళు తెచ్చి క్యాన్‌లో పోసింది. తాగకుండా ఎండలో ఎలా ఉన్నావంటే, మబ్బే కదక్కా అంది.

పొద్దుగూకే వేళ తూర్పు బల్ల మీద నలుగురం కలిసి ప్రార్థన చేశాం. కరుణ కింద కూర్చోలేక ఇంటి గోడకు ఆనుకుని నిలబడింది.

ఏడో నెల, 14. నీళ్ళు 17.

ఏడింటికి గోడలోని గొంతు పలికింది. మేము అలవాటుగా ఐదు లీటర్ల మాట కోసం ఆగాం.

"తెరచాప గృహ సంస్థ. మార్తమ్మ గారి ఇంటి నిలవ ఎనభై లీటర్లు. రుసుము ముప్ఫై మినహాయించాము. యాభై లీటర్లు తిరిగి పంపుతున్నాము. శుభదినం."

గొట్టం గుడగుడలాడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నీళ్ళు అటునుంచి ఇటు వచ్చాయి.

యేసోబు నీళ్ళలోంచి తల పైకి పెట్టాడు. "థాంక్సండి," అన్నాడు గోడతో. కరుణ నవ్వుతూ ఏడ్చింది.

మధ్యాహ్నం లోపల నలభై లీటర్లూ మోశాం. నాలుగు బిందెలు. యేసోబు రెండు, సువార్త ఒకటి, నేను ఒకటి. నా బిందె మూడో వంతెన దగ్గర బీబమ్మ గారు లాక్కుని నడుం మీద పెట్టుకున్నారు. తొట్టి దగ్గర గుమాస్తా గీత చూసి రాసుకున్నాడు. తర్వాత మాతో పాటు నడిచి వచ్చి, స్తంభానికున్న రెండు ఎర్రగుడ్డలూ తనే విప్పాడు. కట్టినప్పుడు గట్టిగా కట్టాను, మీ వేళ్ళు నొప్పి పుడతాయి అన్నాడు.

పది లీటర్లు మిగిలాయి. సాయంత్రం ఒక సీసా ఫణీంద్ర గారికి పంపాను. నాకిచ్చిన అర గ్లాసుకు.

ఏడో నెల, 15. పౌర్ణమి. నీళ్ళు 18.

ఈ రోజు ఇద్దరు వచ్చి పుట సంగతి అడిగి వెళ్ళారు. వాళ్ళదీ తెరచాపే. ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు, కాని చదివే మనిషి ఇంకా గట్టు బయటే ఉన్నాడు. ప్రతిసారీ ఐదుగురు ముసలమ్మలు అలల్లో పడి వెళ్ళాలి. గాలుల రోజులు వస్తే ఎవరూ వెళ్ళలేరు. అయినా నా మనసులో ఉన్నది పుట ఒక్కటే కాదు.

గుమాస్తాను అడిగాను, నాంచారయ్య గారు లోపలికి రావడానికి ఏం కావాలని. బాకీ లేదు, చోటు కావాలి, ఎవరైనా తమ లంగరు హద్దులోంచి ఇస్తే ఊరికి అభ్యంతరం లేదు అన్నాడు. ఎంత చోటు అంటే, ఆయన ఇల్లు తొమ్మిది అడుగులు అన్నాడు.

సాయంత్రం నలుగురం కూర్చున్నాం. నేనింకా నోరు విప్పకముందే సువార్త, పడమటి వైపు చేపలు ఆరబెట్టే తడికలు తీసేద్దామంది. కొలిస్తే ఆరడుగులే. యేసోబు పడవ కట్టే చోటు ఇద్దామన్నాడు. పడవ లేకపోతే రేపు కాన్పు వేళకు మంత్రసానిని ఎలా తెస్తావంది కరుణ. ముగ్గురికీ తెలుసు ఇంకా ఏం మిగిలిందో. నా ముఖం చూడకుండా తలా ఒక దిక్కు చూస్తున్నారు.

"తూర్పు బల్ల కొలవరా," అన్నాను యేసోబుతో.

"అది నాన్న వేసింది కదక్కయ్యా. నువ్వు రోజూ..."

"కొలువు."

కొలిచాడు. తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు.

మేము నిర్ణయించింది ఇది. రేపు పోటు దిగాక తూర్పు బల్ల విప్పుతాం. ఎల్లుండి యేసోబు, గుమాస్తా కలిసి నాంచారయ్య బాబాయ్ ఇంటిని లోపలికి లాగి ఆ చోట కడతారు. విప్పిన చెక్కలతో రెండిళ్ళ గుమ్మాలకు మధ్య చిన్న వంతెన వేస్తాం. దాని పలకలు బాగుచేసే బాధ్యత నలభై ఒకటో పుట ప్రకారం మాది. ఆయనకు పూటపూటా అన్నం కరుణ వండుతుంది, కాన్పయ్యేదాకా నేను వండుతాను. కొత్త సంవత్సరం చదువులో నేను ముగించి కూర్చునే ముందు పక్కకు తిరిగి ఆయన పేరు పిలుస్తాను. ఇక ప్రార్థనకు నా గోనె వంటింట్లో గోడ గొంతు కింద పరుచుకుంటాను. అక్కడ కిటికీ ఉంది.